పెద్ద నదిలో ఆహార జాలం: శాంపిల్ కిలోమీటర్ల లెక్కనా, ఆవాసాల లెక్కనా?

#1 · నదిపాఠం · తార్నాక

నమస్కారం అందరికీ. ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోసం గోదావరి ఆహార జాలం మీద పని పెట్టుకున్నాను. ధర్మపురి నుంచి కాళేశ్వరం దాకా సుమారు 20 కిలోమీటర్లకొక స్టేషన్, మొత్తం ఆరు. వంతెన దగ్గరో రేవు దగ్గరో దిగి నీళ్లు, నాచు, పురుగులు, చేపలు తీసి, కార్బన్, నైట్రోజన్ ఐసోటోపులు (ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న పరమాణువులు, తిన్నదాన్ని బట్టి వాటి పాళ్లు మారతాయి) చూపించాలని ప్లాన్. ఎగువ నుంచి దిగువకి ఎవరు ఏం తింటున్నారో గ్రాఫు గీయొచ్చని ఆశ. గైడ్ గారు సరే అన్నారు. లోపాలుంటే నదిలో దిగకముందే చెప్పండి.

#2 · పాకుడురాయి · హబ్సిగూడ

నది పొడవునా తేడా వెతుకుతున్నావు. పెద్ద నదిలో అసలు తేడా అడ్డంగా ఉంటుంది. ఈ గట్టు నుంచి ఆ గట్టుకి ఓ అర కిలోమీటరు నడిస్తే కనిపించేంత మార్పు, దిగువకి 100 కిలోమీటర్లు పోయినా కనిపించకపోవచ్చు.

వంతెన, రేవు అంటే ఆరు చోట్లా ఒకే రకం జాగా: తొక్కుడు పడిన ఇసుక ఒడ్డు, బట్టలుతికే రాళ్లు, మోకాలి లోతు నీళ్లు. అవి ఆరు స్టేషన్లు కావు, ఒకే స్టేషన్‌కి ఆరుసార్లు పోయినట్టు.

నీ గ్రాఫు వెనక ఉన్న ఊహ 1980లో వచ్చిన రివర్ కంటిన్యూయం సిద్ధాంతం. కొండ వాగుల్లో ఆకులు రాలి ఆహారమవుతాయి, మధ్యలో నాచు, దిగువన ఎగువ నుంచి కొట్టుకొచ్చిన సన్నని నలుసు. చిన్న వాగు పెద్దదయ్యే క్రమానికి అది బాగానే పనిచేస్తుంది. అప్పటికే పెద్దదైన నదికి చాలదని 1989లో ఫ్లడ్ పల్స్ వాదం వచ్చింది: వరద పక్క మైదానాన్ని ముంచి తీసినప్పుడే ఆహారమంతా తయారవుతుందని. 1994లో ఇంకొకటి వచ్చింది: ఎగువ సరుకూ కాదు, మైదానం సరుకూ కాదు, అక్కడికక్కడ పెరిగే నాచు, ఒడ్డున రాలే మెత్తటి ఆకే చేపల దాకా చేరుతుందని. ఈ మూడింటిలో ఏది నిజమో ఏ పాయలో నిలబడి చూస్తున్నావన్న దాని మీదే ఉంటుంది. అందుకే ఆవాసాల వారీగా విడగొట్టు.

మంథని – కాళేశ్వరం మధ్య నాకు కనిపించే విభజన ఇది. ప్రధాన పాయ: లోతు, కదిలే ఇసుక. రాతి పరుపు మీద జోరుగా పారే పల్చటి నీళ్లు. ఇసుక మేటకి అవతల సన్నగా పారే పక్క పాయ. వరద తీశాక మిగిలే మడుగులు. ఇవి కాక రెల్లు, తుంగ, మునిగిన చెట్ల అంచు. మిసిసిపీ ఎగువ భాగంలో దీర్ఘకాలంగా చేపల్ని లెక్కించేవాళ్లు కూడా ప్రధాన పాయ, పక్క పాయలు, వెనక నీళ్లు, డ్యామ్ నిలవ నీళ్లు అని విడదీసే వల వేస్తారు.

ఆరు స్టేషన్లు రెండుకి తగ్గించు. ఒక్కోదాంట్లో ఈ ఐదూ చూడు.

#3 · ఎర్రనీరు · కూకట్‌పల్లి

పాకుడురాయి గారు చెప్పిన ఐదింటినీ విడదీసేది ముఖ్యంగా ఒక్కటే: నీళ్లు అక్కడ ఎంతసేపు ఆగుతాయి.

సెకనుకి అర మీటరు వేగమంటే రోజుకి 43 కిలోమీటర్లు. నీళ్లలో తేలే నాచు అనువైన వెలుతురులో ఒకటి రెండు రోజుల్లో రెట్టింపవుతుంది. రోటిఫర్లకి (నీళ్లలో తేలే అతి చిన్న జంతువులు) రెండు మూడు రోజులు పడుతుంది. డాఫ్నియా, కోపెపాడ్ లాంటి కాస్త పెద్ద జంతు ప్లవకాలకి వారం, పది రోజులు కావాలి. ప్రధాన పాయలో పుట్టిన కోపెపాడ్ పిల్ల పెద్దదై గుడ్లు పెట్టేలోపు నీ మొత్తం స్టడీ ఏరియా దాటిపోతుంది. అదే మడుగులో, మేట వెనక సుడి తిరిగే మూలలో అయితే పుట్టినచోటే పెరుగుతుంది. ప్రధాన పాయలో దొరికే జంతు ప్లవకంలో చాలావరకు ఇలాంటి మూలల నుంచి కారినదే. మూలలు పూడ్చి నదిని కాలవలా చేస్తే ఆ కారుడు ఆగిపోతుంది.

రెండోది వెలుతురు. ఎర్రనీళ్ల కాలంలో, నీటి తేటదనం కొలవడానికి దించే సెక్కీ పళ్లెం జానెడు లోతు పోకముందే మాయమవుతుంది. నాచుకి సరిపడే వెలుతురు దిగేది దానికి రెండు మూడింతల లోతు దాకానే. అంటే జులై, ఆగస్టుల్లో ఆరు మీటర్ల ప్రధాన పాయ చాలామట్టుకు చీకటే. జనవరి కల్లా నీళ్లు తేరుకుంటాయి, రాతి పరుపు మీద ఎండ అడుగు దాకా దిగుతుంది. ఒకే చోటు ఒక సీజన్‌లో ఎండిన కంచం, ఇంకో సీజన్‌లో విస్తరి. ప్రతి ఆవాసం దగ్గరా వేగం, లోతు, సెక్కీ ఈ మూడూ రాసుకో. ఇవి లేకుండా ఐసోటోప్ అంకెలొక్కటే చూస్తే ఏమీ అర్థం కాదు.

#4 · చార్మినార్‌జెల్ల · మలక్‌పేట

నేను అక్వేరియం బ్యాచ్, తప్పైతే క్షమించండి. కాళేశ్వరం దగ్గర గోదావరిలో కలిసే ప్రాణహిత అంటే అంతా టేకు అడవి కదా. టన్నులకొద్దీ ఆకు నదిలో పడుతుంది. పాకుడు ఎంతుంటుంది, వేలి మందం కూడా ఉండదు. చేపలకి ఆకే ఆధారమవ్వాలిగా?

#5 · తగరండబ్బీ · ఉప్పల్

బరువు చూస్తే మీరన్నదే నిజం. అరుగుదల చూస్తే కాదు.

టేకు ఆకులో పీచు, లిగ్నిన్ ఎక్కువ, నైట్రోజన్ తక్కువ. దాన్ని ముందు బూజు, బ్యాక్టీరియా మెత్తబరచాలి, తర్వాత పురుగు తినాలి, ఆ పురుగుని చేప తినాలి. మెట్టు మెట్టుకీ శక్తిలో పెద్ద వాటా ఆవిరే. డయాటమ్ నాచులో చేపకి అవసరమయ్యే ఈపీఏ లాంటి కొవ్వు ఆమ్లాలు నేరుగా ఉంటాయి. రాలిన ఆకులో అవి దాదాపు ఉండవు. అందుకే పాకుడు కొంచెమే కనిపించినా, తిన్న వెంటనే మళ్లీ పెరుగుతుంది కాబట్టి ఏడాదిలో చేపల దాకా చేర్చేది ఎక్కువ.

అమెజాన్‌లో ఇది బాగా తేలింది. అక్కడ వరద మైదానంలో పెరిగే పచ్చదనంలో నీటి గడ్డిది పెద్ద వాటా. మొక్కలు ఎండతో ఆహారం తయారుచేసుకునే పద్ధతిని బట్టి సీ3, సీ4 అని రెండు రకాలు. ఆ గడ్డి సీ4 రకం, దాని కార్బన్-13 (బరువైన కార్బన్) విలువ సుమారు మైనస్ 13 పర్ మిల్, అంటే ప్రామాణికం కంటే వెయ్యికి 13 వంతులు తక్కువ. చేపల కండలో అది ఆ వాటాకి తగ్గట్టు కనిపించదు. చేపల్లో ఎక్కువది నాచు నుంచి, సీ3 మొక్కల నుంచి వచ్చిన కార్బనే.

మన గోదావరికి ఇది బాగా కలిసొచ్చే విషయం. మేటల మీది రెల్లు సీ4. గట్టు మీద మొక్కజొన్న సీ4. టేకు, వరి, పత్తి, గుర్రపుడెక్క సీ3, ఇవి మైనస్ 27, 28 దగ్గర ఉంటాయి. రెల్లు అంచులో పట్టిన చేప కండ మైనస్ 25 చూపిస్తే, అది రెల్లులో దాక్కుంటోంది తప్ప రెల్లు తినట్లేదని అనుమానించొచ్చు. రెల్లు కాడల మీద పట్టిన పాకుడు, ఆ పాకుడు మేసే పురుగులే దాని భోజనం కావచ్చు. మొక్క ఇచ్చేది ముఖ్యంగా చోటు.

#6 · పాకుడురాయి · హబ్సిగూడ

చోటు మాట వచ్చింది కాబట్టి. జోరు నీళ్లలోంచి పిడికిలి కంటే కాస్త పెద్ద రాయి ఒకటి తీసి పళ్లెంలో పెట్టి చూడండి. పైభాగంలో గోధుమ రంగు జారుడు పొర, అది ఎక్కువగా డయాటమ్. అందులో పాములా గీతలుంటే నత్త మేసిన దారి. రాయి పక్కలకి, నీళ్లు ఎదురొచ్చే వైపు, ఇసుక రేణువులు అతికించి కట్టుకున్న చిన్న గూళ్లు, వాటి ముందు సాలెగూడు లాంటి సన్నని వల. కేడిస్‌ఫ్లై పిల్లది అది, కొట్టుకొచ్చే నలుసుని వడకట్టుకుంటుంది. అడుగున బల్లపరుపుగా అతుక్కున్న మేఫ్లై పిల్లలు. ఒక్క రాయి మీదే మేసేవాళ్లు, వడకట్టేవాళ్లు, వాళ్లని వేటాడేవాళ్లు. పక్కనే కదిలే ఇసుక దోసెడు తీస్తే రెండు మూడు కైరోనమిడ్ పురుగులు (దోమలాంటి ఈగ పిల్లలు) దొరికితే గొప్ప. ఇసుక ప్రతి వరదకీ దొర్లుతుంది, దాన్ని పట్టుకుని ఎవరూ ఇల్లు కట్టుకోలేరు.

అమెరికాలో జార్జియా రాష్ట్రపు సటిల్లా అనే ఇసుక నదిలో 1980లలో లెక్కకట్టారు. మునిగిన చెట్ల మొద్దులు నదీగర్భంలో దాదాపు 4 శాతం జాగా, కానీ అడుగు జీవుల మొత్తం బరువులో 60 శాతం వాటి మీదే. అక్కడి ముఖ్యమైన చేప జాతుల్లో సగం వాటికి మేత కూడా సగానికి మించి ఆ మొద్దుల నుంచే. ఇసుక మేటలు ఎక్కువున్న మన నదుల్లో కొట్టుకొచ్చిన చెట్టుని "అడ్డం" అని లాగి పడేసేముందు ఇది గుర్తుండాలి.

శాంపిల్ సంగతి. జోరు నీళ్లలో 30 × 30 సెంటీమీటర్ల చట్రమున్న సర్బర్ వల. మడుగు బురదలో ఎక్‌మన్ గ్రాబ్ (అడుగు మట్టిని పట్టి తెచ్చే డబ్బా). ప్రధాన పాయ ఇసుకలో పోనార్ గ్రాబ్, ఎక్‌మన్ అయితే గులకరాయి ఇరుక్కుని మూత పడదు, పైకి తెచ్చేలోపు సగం కారిపోతుంది. మొద్దుకి ముందు సంచి తొడిగి, తర్వాత రంపంతో కోయాలి. క్రమం తిరగేస్తే పురుగులన్నీ దిగువకి పోతాయి. నాలుగు పనిముట్లు నాలుగు రకాల జాగా పడతాయి, అందుకే అన్నిటినీ చదరపు మీటరుకి మార్చి రాయి.

#7 · వల_కన్ను · ఉప్పుగూడ

చేపల మాట నేను చెప్తా తమ్ముడూ. ఒకే కన్ను వల ఏస్తే ఒకే సైజు చేప వస్తది, దాన్ని చూసి ఈ నదిలో గిదే ఉంది అనుకుంటవ్. 20, 40, 60, 80 మిల్లీమీటర్ల కన్నులు నాలుగు కలిపి ఏయాలె. గది గూడ జోరు నీళ్లల్ల నిలవది, ఆడ చేతి వల. రాళ్ల సందుల బొమ్మిడాయికి, జెల్లలకి మావులు (బుట్ట ఉచ్చులు) పెట్టాలె.

రాత్రంతా వల ఉంచి పొద్దున తీస్తే పొట్టల మేత అరిగిపోతది. పొట్ట చూడాలంటే రెండు మూడు గంటలకోసారి వల ఎత్తాలె. పొట్ట, పేగు ఫార్మలిన్‌ల పెట్టు, కండ మాత్రం ఫార్మలిన్‌కి తాకనియ్యకు, ఐసోటోప్ అంకె మారుతదంట. డబ్బీ గారు చెప్తరు.

ఎవడు ఏడ తింటడో మోటుగ: బొచ్చె పైన నీళ్లల్ల జంతు ప్లవకం గాలిస్తది. రోహు నడుమ. మ్రిగాల అడుగు బురదల. బొమ్మిడాయి రాళ్ల కింద పురుగులు, ఎర్రలు. కొర్రమీను గడ్డి అంచుల కాపు కాస్తది. వాలుగ అన్ని జాగలల్ల తిరుగుతది, దొరికిన చేపనల్ల మింగుతది. నువ్వు మడుగుల పట్టిన వాలుగ నిన్న రాత్రి ప్రధాన పాయల తిని ఉంటది.

#8 · తగరండబ్బీ · ఉప్పల్

వల_కన్ను గారి చివరి వాక్యమే ఈ చర్చకి అసలు గుండెకాయ. జోరు నీళ్ల గొలుసు వేరు: పాకుడు, మేఫ్లై, బొమ్మిడాయి. మడుగు గొలుసు వేరు: తేలే నాచు, డాఫ్నియా, చిన్న పరిగెలు. ఇవి రెండూ అడుగున పెద్దగా కలవవు. పైన వాలుగ లాంటి తిరుగుబోతు వేటగాడు వాటిని ముడివేస్తాడు. ఒక గొలుసు వేగంగా పెరిగి వేగంగా పడిపోతుంది, ఇంకొకటి నెమ్మదిగా నిలకడగా ఉంటుంది. ఒకటి మందగించినప్పుడు వేటగాడు రెండోదానికి మళ్లుతాడు, మందగించినది ఈలోపు కోలుకుంటుంది. ఆవాసాల రకాలు తగ్గితే జాతులు పోవడం ఒక్కటే కాదు, ఈ మళ్లే వెసులుబాటు పోతుంది.

#9 · చార్మినార్‌జెల్ల · మలక్‌పేట

అయితే బ్యారేజీల వెనక నీళ్లు నిలిస్తే చేపలు బాగా పడుతున్నాయని అందరూ అంటారే? మన హైదరాబాద్ నల్లాల్లోకి గోదావరి నీళ్లొచ్చే ఎల్లంపల్లి దగ్గరే వలలు నిండుతాయి. రకాలు పోయినా బరువు పెరిగితే తప్పేంటి?

#10 · ఎర్రనీరు · కూకట్‌పల్లి

బరువు పెరగొచ్చు, ఆ మాట కాదనను. నీళ్లు ఆగితే ఒండ్రు దిగుతుంది, వెలుతురు లోపలికి పోతుంది, తేలే నాచు పెరుగుతుంది, జంతు ప్లవకానికి వారం గడువు దొరుకుతుంది. బొచ్చెకి పండగే. కానీ అది ఒక్క గొలుసు. రాతి పరుపు ఆరేడు మీటర్ల నీళ్ల కింద పోయి ఒండ్రు కప్పుకుంటే పాకుడు గొలుసు చచ్చినట్టే. ఒడ్డున కొత్తగా పెరగాల్సిన పాకుడు కూడా నిలవదు. గేట్లు ఎత్తి దించినప్పుడల్లా నీటిమట్టం మీటరు, రెండు మీటర్లు ఊగితే ఆ అంచు ఎండుతుంది, తడుస్తుంది, మళ్లీ ఎండుతుంది.

పైగా దొరికే బరువులో ఎంత నది పెట్టింది, ఎంత మనం వేసింది? 2016 నుంచి ప్రభుత్వం జలాశయాల్లో, చెరువుల్లో ఉచితంగా చేప పిల్లలు వదులుతోంది. ఆ బొచ్చె, రోహులని చూసి నది ఆహార జాలం భేషుగ్గా ఉందనలేం.

నదిపాఠం, నీ ఏరియాలో సుందిళ్ల, అన్నారం బ్యారేజీలు రెండూ ఉన్నాయి, కాళేశ్వరం దిగువన మేడిగడ్డ ఉంది. 2019లో మొదలైన మేడిగడ్డలో 2023 అక్టోబరులో పిల్లర్లు కుంగాక అక్కడ, ఆ తర్వాత సుందిళ్ల, అన్నారంలలో కూడా నీళ్లు నిలపడం ఆగింది. తుమ్మిడిహెట్టి దగ్గర అనుకున్న బ్యారేజీ కట్టలేదు, ప్రాణహిత తన పద్ధతిలోనే వచ్చి కలుస్తోంది. నీ రెండు సైట్లలో ఒకటి ఎల్లంపల్లి లాంటి నిలవ నీటిలో, ఇంకొకటి ప్రాణహిత కలిసే ముందు ప్రాణహిత మీదే పెట్టు. ఆవాసాలు ఎక్కువున్న నది, తగ్గిన నది పోల్చడానికి దొరుకుతాయి. వెళ్లేముందు గేట్ల పరిస్థితి కనుక్కో, నీళ్లు వదిలే రోజు నడి నదిలో ఉండకూడదు.

#11 · నదిపాఠం · తార్నాక

ప్లాన్ మొత్తం తిరగరాస్తున్నాను, థ్యాంక్స్ అందరికీ. రెండు సందేహాలు. ఆహార గొలుసులో ఏ చేప ఎన్నో మెట్టులో ఉందన్న లెక్కకి ఆధారం ఏది తీసుకోవాలి? తక్కువ పడిన జాతులకి రాంనగర్ మార్కెట్లో గోదావరి చేప కొని కలిపితే నడుస్తుందా?

#12 · వల_కన్ను · ఉప్పుగూడ

రాంనగర్ల "గోదారి చేప" అని అరిచినంత మాత్రాన నమ్మకు. మస్తు సరుకు ఆంధ్ర చెరువులకెల్లి లారీల ఐసుల వస్తది. తవుడు తిన్న రోహు అది.

#13 · తగరండబ్బీ · ఉప్పల్

మార్కెట్ చేప అసలు వద్దు. తవుడు సీ3, మొక్కజొన్న కలిపిన మేత సీ4 వైపు లాగుతుంది. నీ గ్రాఫులో ఆ చేప నదిలో లేని ఆవాసాన్ని సృష్టిస్తుంది.

నదిలో పట్టినదానికీ ఇదే జాగ్రత్త. జలాశయాల్లో వదిలే పిల్లలు 80 – 100 మిల్లీమీటర్లు ఉంటాయి, వాటి కండ చెరువులో కట్టుకున్నది. బరువు ఐదు రెట్లు పెరిగితే పాత కండ వాటా ఐదో వంతుకి పడిపోతుంది, అప్పుడు పర్వాలేదు. అందుకని బొచ్చె, రోహు, మ్రిగాలల్లో చిన్నవి పక్కన పెట్టెయ్. జెల్ల, బొమ్మిడాయి, పరిగె, వాలుగ వదిలినవి కావు, వాటిని ముఖ్యం చేసుకో.

ఇక ఆధారం. పాకుడుని గీకి నేరుగా వాడితే అందులో ఒండ్రు, కుళ్లిన ఆకు, పురుగు పిల్లలు కలిసే ఉంటాయి. పైగా వారం వారం అంకె మారుతుంది. దాన్ని మేసి నెలల సగటు చెప్పేది నత్త. తేలే నాచుకి ఆల్చిప్ప. రెండిటిలోనూ పాదం కండ మాత్రమే, గుల్ల నలుసు కూడా రాకూడదు, అందులోని కార్బొనేట్ కార్బన్-13ని ఎక్కువ చేసి చూపిస్తుంది. పాకుడులో సున్నం ఉంటే ఒక ముక్కకి 1 నార్మల్ హైడ్రోక్లోరిక్ ఆసిడ్ చుక్కలు, నురగ ఆగేదాకా. నైట్రోజన్ మాత్రం ఆసిడ్ పడని ముక్కలో చూడు.

మెట్టు లెక్క: నత్త లేదా ఆల్చిప్పని రెండో మెట్టు అనుకుని, చేప నైట్రోజన్-15 (బరువైన నైట్రోజన్) విలువలోంచి దాని విలువ తీసేసి, ఒక్కో మెట్టుకి సగటున పెరిగే 3.4తో భాగించి 2 కలపాలి. ఊరికే ఒక అంకెతో: వాలుగ 15.6, అదే చోటి ఆల్చిప్ప 8.8. తేడా 6.8, భాగిస్తే 2, మెట్టు 4. ఇదే వాలుగకి ఎక్కడో ఎగువ శుభ్రమైన నీళ్లలోని ఆల్చిప్ప 5.4 వాడావనుకో, తేడా 10.2, మెట్టు 5 అయిపోతుంది. చేప మారలేదు, ఆధారం మారింది. మురుగు నీళ్లు, ఎరువు కలిసిన చోట నైట్రోజన్-15 అడుగు నుంచే పైకి లేస్తుంది. కాబట్టి ఆధారం ప్రతి ఆవాసానికీ దానిదే.

నీళ్ల వేగం వల్ల కూడా మెలిక ఉంది. ఆగిన నీళ్లలో పాకుడు చుట్టూ కార్బన్ డయాక్సైడ్ కరువై బరువైన కార్బన్‌ని కూడా వాడుకుంటుంది, అంకె మైనస్ 20 వైపు జరుగుతుంది. జోరు నీళ్లలో మైనస్ 28, ఇంకా కిందికి కూడా పోతుంది. ఒకే జాతి నాచు, రెండు పాయల్లో రెండు అంకెలు. అన్నీ కలిపి సగటు తీస్తే నీకు కావాల్సిన తేడానే తుడిచేసుకున్నట్టు.

చేప కండ వీపు ముల్లు కింద తెల్లది, చర్మం, ఎముక లేకుండా గోరంత చాలు. వెంటనే ఐసు, రాత్రికల్లా మైనస్ 20. కాళేశ్వరం నుంచి ఇక్కడికి ఐదారు గంటలు, థర్మోకోల్ డబ్బాలో పైన కూడా ఐసు ఉండాలి, అడుగున ఒక్కటే ఉంటే పై శాంపిల్స్ మెత్తబడతాయి. పురుగుల్ని వడకట్టిన నీళ్లలో ఒక రాత్రి ప్రాణంతో ఉంచితే పేగు ఖాళీ అవుతుంది. తూనీగ పిల్లల్ని వేరే సీసాలో పెట్టు, లేకపోతే పొద్దునకి మేఫ్లైలు ఉండవు. 60 డిగ్రీల ఓవెన్‌లో 48 గంటలు, ఆపైన పొడి. జంతువులవి 0.6 నుంచి 0.8 మిల్లీగ్రాములు, ఆకు, నాచు 3 మిల్లీగ్రాముల దాకా తగరం గుళికలో. కార్బన్, నైట్రోజన్ నిష్పత్తి 3.5 దాటిన చేపల్లో కొవ్వు ఎక్కువ, దానికి సవరణ చెయ్యాలి. కొవ్వు కార్బన్-13ని తక్కువ చేసి చూపిస్తుంది.

#14 · చార్మినార్‌జెల్ల · మలక్‌పేట

ఇదే లెక్క మూసీలో చేస్తే? ఇంటి దగ్గరే కదా, బస్సు పాస్ చాలు.

#15 · పాకుడురాయి · హబ్సిగూడ

ఊరు దాటాక మూసీలో మీకు దొరికేది ఎర్రటి కైరోనమిడ్ పురుగులు, ట్యూబిఫెక్స్ ఎర్రలు, గాలి పీల్చే చేపలు. రాళ్లున్నాయి, మడుగులున్నాయి, వంపులున్నాయి. ఆక్సిజన్ లేకపోతే ఆ వైవిధ్యం జాలంలో కనిపించదు. కానీ వాడపల్లి దగ్గర మూసీ కృష్ణలో కలిసే చోట, కలవకముందు, కలిశాక ఆల్చిప్పల నైట్రోజన్-15 పోల్చి చూస్తే మంచి చిన్న ప్రాజెక్టు. బస్సు పాస్ మాత్రం అక్కడికి చెల్లదు.

#16 · మోడరేటర్

శివ్వారం, ప్రాణహిత, మంజీర అభయారణ్యాల హద్దుల్లో శాంపిల్ తీయాలంటే అటవీ శాఖ రాతపూర్వక అనుమతి ఉండాలి. శివ్వారం, మంజీరల్లో మొసళ్లు ఉన్నాయి, వలలో తాబేలు పడితే కొలతలు కూడా లేకుండా వదిలెయ్యాలి. అనుమతి లేని శాంపిల్ ఫొటోలు ఇక్కడ పెట్టొద్దు.

#17 · ఎర్రనీరు · కూకట్‌పల్లి

సీజన్ల గురించి ఒక మాట మిగిలింది. చేప కండ మారడానికి నెలలు పడుతుంది. డిసెంబరులో పట్టిన చేప కండ సెప్టెంబరు వరద భోజనం చెబుతుంది, అదే రోజు గీకిన పాకుడు డిసెంబరుది. రెండూ ఒకే సీజన్ అనుకుని కలిపితే, ఏ ఆహారం వాటా ఎంతో లెక్కగట్టే మిక్సింగ్ మోడల్‌లో చేపలు ఆధారాల బహుభుజి (గ్రాఫులో ఆహారాల చుక్కల్ని కలిపితే వచ్చే హద్దు) బయట పడతాయి. నత్త, ఆల్చిప్ప ఈ తేడాని కొంత సర్దుతాయి.

మడుగులని కూడా రెండుగా రాసుకో: నదితో మెడ కలిసి ఉన్నవి, మెడ ఎండి విడిపోయినవి. విడిపోయిన మడుగులో మార్చి కల్లా తెల్లవారుజామున ఆక్సిజన్ అడుగంటుతుంది, కొర్రమీను, మార్పు అనే చేప మిగులుతాయి, మిగతావి కొంగల పాలు. కలిసి ఉన్న మడుగు నదికి ప్లవకం ఇస్తూనే ఉంటుంది. బయట నుంచి చూస్తే రెండూ మడుగులే. ఇసుక తవ్విన గుంతల్ని మాత్రం మడుగుల్లో కలపకు. నిట్టనిలువు గోడలు, అంచున పల్చటి నీళ్లుండవు, పాకుడికి జాగా లేదు.

#18 · నదిపాఠం · తార్నాక

లెక్క వేశాను. ఒక సైట్, ఒక సీజన్: ఐదు ఆవాసాల్లో మూడు రకాల ఆధారాలు మూడేసి, 45. పురుగులు నాలుగు రకాలు మూడేసి, 60. చేపలు ఎనిమిది జాతులు ఆరేసి, 48. మొత్తం 153. రెండు సైట్లు, రెండు సీజన్లంటే 612. అంత డబ్బు లేదు. ఏది తీసెయ్యాలి?

#19 · తగరండబ్బీ · ఉప్పల్

ఆవాసాన్ని తీసెయ్యకు, ఆధారాల సంఖ్య తగ్గించకు. ఒక సీజన్ తీసెయ్, ఫిబ్రవరి ఉంచు. నీళ్లు తేరి ఉంటాయి, పక్క పాయలు ఇంకా పారుతుంటాయి, ఐదు ఆవాసాలూ విడివిడిగా దొరికే కాలం అదే. 306 శాంపిళ్లు, ప్రతి పదింటికీ ఒక డూప్లికేటు కలిపితే 337 దాకా. 96 గుంటల ట్రేలు నాలుగు, మెషిన్‌ని సరిచూసే స్టాండర్డులకి కూడా జాగా మిగులుతుంది.

చేపల్లో ఎనిమిది జాతుల్ని ఆరుకి తగ్గించు. తిరిగేవి రెండు, కదలనివి నాలుగు చాలు. మిగిలిన గుళికలతో ఒక్కో జాతికి ఎనిమిదేసి పెట్టు. ఒక జాతి ఆహారం ఎంత విస్తారమో ఎలిప్స్ వైశాల్యంగా చూపే సైబర్ (SIBER) ప్రోగ్రాంలో ఐదారు చేపలతో వచ్చే ఎలిప్స్ నమ్మదగ్గది కాదు. ప్రతి చేపా ఒకే సైజు తరగతిలో ఉండాలి, వేలెడు కొర్రమీను ప్లవకం తింటుంది, మూరెడు కొర్రమీను చేపని తింటుంది.

#20 · వల_కన్ను · ఉప్పుగూడ

కదలనివాటిల బొమ్మిడాయి పక్కా పెట్టు. ఫిబ్రవరిల రాళ్ల కిందనే ఉంటది.

#21 · తగరండబ్బీ · ఉప్పల్

ట్రేలు నింపేటప్పుడు మొక్కలు ఒకదాంట్లో, జంతువులు మిగతావాటిలో. జంతువుల ట్రేలో మడుగువన్నీ వరసగా, తర్వాత జోరు నీళ్లవన్నీ అని పెట్టొద్దు. మెషిన్ మెల్లగా ఒకవైపు జరిగితే ఆ జరుగుడే ఆవాసాల తేడాలా కనిపిస్తుంది. చీటీలు వేసి కలిపెయ్, గుంట నంబరు ఎదురుగా శాంపిల్ పేరు పెన్సిల్‌తో రాసి, ట్రే మూసేముందు ఫొటో తీసుకో.